ఆదివారం ప్రదక్షిణాలు

టీవీ కట్టేసింది ఉమాదేవి. కట్టేసి, రిమోటు ఎప్పుడూ ఉండేచోట పెట్టి, టీవీ మీద పరిచిన లేసు గుడ్డ కొస సరిచేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు.

ఏదైనా అని ఉంటే బాగుండేదనిపించింది రేవతికి. తిట్టినా పడేది, కొట్టినా పడేది. పడడానికి సిద్ధంగా నిలబడిన మనిషిని ఎవరూ ఏమీ అనకపోతే ఆ మనిషి ఏం చెయ్యాలి?

హాల్లో తల్లి భూలక్ష్మి, తండ్రి వీరవెంకటరమణ ఇంకా ఆ నల్లటి తెర వైపే చూస్తున్నారు. ఇందాక అందులో వచ్చింది మరీ పెద్ద వార్తేం కాదు. హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ ఎగ్జిబిషన్ ముగిసిందనీ, శనివారం నాడు వ్యాపారస్తులు విరగబడి చూశారనీ చెప్పింది చక్కగా ముస్తాబైన ఓ అమ్మాయి. ఆ విరగబడిన జనంలో ముందు వరసలో, గోడంత టీవీ ఎదురుగా, మెడలో బ్యాడ్జీ వేసుకుని, నోరంతా తెరిచి నవ్వుతూ రేవతి నిలబడి ఉంది. రాజోలులో కేబుల్ ఉన్న ప్రతి ఇంట్లోనూ నిలబడి ఉంది. ఇరవై నాలుగు గంటల వార్తలంటూ కొత్తగా వచ్చిన ఈ చానెళ్ళకి చెప్పిందే చెప్పడం తప్ప వేరే పని లేదు కాబట్టి పొద్దుటి నుంచి అరగంటకోసారి నవ్వుతూనే ఉంది.

ఆ శనివారం ఆ పిల్ల వాడపల్లిలో వెంకన్న గుడి చుట్టూ తిరుగుతూ ఉండాలి, వదిన ఉమాదేవి మొక్కు కోసం. అదే శనివారం మధ్యాహ్నం దోహాలో, కడుతున్న భవనం మీద నుంచి ఆమె అన్న సూర్యప్రకాష్ కిందపడ్డాడు. ఆ కబురు ఇంటికి చేరింది నిన్న.

"ఆ అమ్మాయి నువ్వేనా తల్లీ?" అన్నాడు రమణ.

కన్నకూతుర్ని పోల్చుకోలేక అడిగిన ప్రశ్న కాదది. కాదంటే నమ్మేద్దామని అడిగాడు ఆ మంచి మనిషి.

"ఆయ్. నేనే నాన్నగారూ."

"రావులపాలెంలో నీ ఫ్రెండు పుష్పలత వాళ్ళింట్లో పడుకుని, శనివారం పొద్దున్నే గుడికెళ్ళి, ఆదివారం ఇంటికొస్తానన్నావు కదా."

"శుక్రవారం రాత్రి ఇద్దరం హైదరాబాదు బస్సెక్కేమండి."

"మరి ఆ ప్రసాదం?" అంది భూలక్ష్మి. గొంతు బొంగురుపోయి ఉంది, నిన్నటి నుంచి ఏడ్చి. "వాడపల్లి పులిహోర అని నా చేతిలో పెట్టేవు. కళ్ళకద్దుకుని తిన్నాను. అది ఎక్కడిదే?"

"అది వాడపల్లిదే అమ్మా. ఆదివారం పొద్దున్న బస్సు దిగి తిన్నగా గుడికే వెళ్ళేను. అక్కడే గోదాట్లో స్నానం చేసేను. వదిన చెప్పినన్ని ప్రదక్షిణాలూ తిరిగేను. ఒక్కటి కూడా తక్కువ చెయ్యలేదు."

"ఆదివారం."

"ఆయ్."

"శనివారం మొక్కు ఆదివారం తీర్చేవు."

"ఒక్క రోజే కదా అనుకున్నానమ్మా."

భూలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి చేరగిలబడింది. ఒక్క రోజే అనే మాట మరీ తేలిగ్గా వినిపించిందని అన్నాక గానీ తెలియలేదు రేవతికి.

ఉమాదేవి ఏడు శనివారాలు మొక్కుకుంది. తెల్లవారుఝామునే రాజోలులో బస్సెక్కి, రావులపాలెంలో దిగి, ఆటోలో వాడపల్లి చేరి, ప్రదక్షిణాలు పూర్తయి ఇల్లు చేరేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. అయిదు వారాలు నిష్ఠగా జరిగాయి. ఆరో శనివారానికి ఆమె బయట చేరింది. వారం తప్పితే మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలి. అప్పుడు దారి చూపించింది భూలక్ష్మే. కోడలి బదులు ఇంటి ఆడపడుచు తిరిగితే కోడలు తిరిగినట్టే, మా అత్తగారి రోజుల నుంచీ ఉన్నదే అంది. ఆడపడుచు ఎప్పుడూ పుట్టింటి మేలు కోరే తిరుగుతుందని పెద్దల నమ్మకం. ఆ ఆడపడుచుకి సరిగ్గా ఆ వారమే హైదరాబాదులో ఎగ్జిబిషన్ వచ్చి పడుతుందని పెద్దలు ఊహించి ఉండరు.

దేనికి మొక్కుకున్నావని ఉమాదేవిని ఎవరూ అడగలేదు. గల్ఫులో మొగుడున్న ఆడది అతని క్షేమానికి కాక ఇంకెందుకు మొక్కుకుంటుంది?

రమణ లేచి ఫోను దగ్గరున్న స్టూలు మీదకి మారి కూర్చున్నాడు. సూర్యప్రకాష్‌తో ఒకే గదిలో ఉండే మలికిపురం కుర్రాడు వెంకటరాజు, డాక్టర్లు ఏ సంగతీ ఇవాళ తేలుస్తారని నిన్న చెప్పాడు. కాలు నుజ్జయింది. కాలు ఉంటుందా, ఊడుతుందా, అసలు మనిషి ఉంటాడా అనేది ఇవాళ తేలాలి. రమణది కొబ్బరి వర్తకం. పెరటి నిండా కాయ రాశి పోసి ఉంది. వొలిచేవాళ్ళని పొద్దున్నే ఇళ్ళకి పంపేశాడు.

వంటింట్లోంచి కొబ్బరి కోరుతున్న చప్పుడు వస్తోంది. ఈ ఇంట్లో ఇవాళ కొబ్బరి పచ్చడి ఎవరు తింటారని కోరుతోందో. రేవతి కాసేపు ఆ చప్పుడు విని, ఇంక వినలేక లోపలికి వెళ్ళింది.

"వదినా."

ఉమాదేవి తలెత్తలేదు. కోరాం మీద చిప్ప తిప్పుతూనే ఉంది.

వీళ్ళిద్దరూ వట్టి వదినా ఆడపడుచులు కారు. ఉమాదేవి రమణ చెల్లెలి కూతురే. చిన్నప్పుడు వేసవి సెలవులకి అల్లవరం నుంచి వచ్చి ఈ ఇంట్లోనే ఉండేది. రేవతికి జడ వెయ్యడం, ఎక్కాలు చెప్పించడం, పేలు తియ్యడం అన్నీ ఆవిడే. తర్వాత కోడలై వచ్చింది. రేవతికి తల్లి కంటే ఎక్కువ చనువు వదిన దగ్గరే. ఆ చనువు ధైర్యంతోనే హైదరాబాదు వెళ్ళింది. ఎప్పటికైనా వదినకి చెప్పుకుంటే నవ్వేస్తుందని అనుకుంది.

"ఆ గోడంత టీవీ ముందు నిలబడ్డావు కదా. అప్పుడు టైమెంత?" అంది ఉమాదేవి.

"భోజనాలయ్యేక వదినా."

"ఆయన పడింది కూడా భోజనాలయ్యేకేట. వెంకటరాజు చెప్పేడు. అన్నం తిని మళ్ళీ పైకెక్కేరట."

"అలా ముడిపెట్టకు వదినా."

"నేను పెట్టలేదు. ముడి పడే ఉంది."

మళ్ళీ కోరుడు. చిప్ప అయిపోయింది. ఇంకో చిప్ప తీసుకుంది.

"ఏముందే అక్కడ?" అని అడిగింది ఉమాదేవి ఉన్నట్టుండి. కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "మొక్కు ఎగ్గొట్టి, ఇంట్లో అబద్ధమాడి, రెండు రాత్రుళ్ళు బస్సులో కూర్చుని మరీ వెళ్ళేవు. అంత ఏముంది? చెప్పు. వింటాను."

ఏముందని చెప్పడం? రేవతికి ఈ పిచ్చి పుట్టించిందే సూర్యప్రకాష్. మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు తెచ్చిన టేప్ రికార్డర్‌ని ఈ పిల్ల ఇంట్లో ఎవరూ లేకుండా చూసి విప్పేసింది. తిరిగి బిగిస్తే మూడు మరలు మిగిలిపోయాయి. భూలక్ష్మి చీపురు అందుకుంటే అతనే అడ్డుపడ్డాడు. మరలు మిగిలితే మిగిలేయి, పాట వస్తోంది కదమ్మా అన్నాడు. అప్పటి నుంచి ఎవరింట్లో ఏ పెట్టె మూగబోయినా రేవతికి కబురొచ్చేది. డిగ్రీలో కంప్యూటర్లు తీసుకుంది. నెలనెలా వచ్చే కంప్యూటర్ పత్రికలో కొత్త వస్తువుల బొమ్మలు కత్తిరించి దాచుకునేది. తోటి పిల్లలు హీరోల బొమ్మలు దాచుకునే వయసులో ఈమె కెమెరాల బొమ్మలు దాచుకుంది. వాటిలో ఒక్కటంటే ఒక్కటి కళ్ళతో చూసింది లేదు.

సెంటర్లో టీవీల కొట్టు బాపిరాజు గారికి ఎగ్జిబిషన్ వాళ్ళు పాసులు పంపారు. శనివారం వ్యాపారస్తులకి తప్ప ప్రవేశం లేదు. ఆయన మోకాళ్ళ నొప్పుల మనిషి. ఎక్కడ వెళ్తానమ్మా, నువ్వు చూసొచ్చి నాకు చెప్దువు గాని అని రేవతి చేతిలో పెట్టాడు. ఆ నిమిషం నుంచి ఆమెకి శనివారం అంటే ఒక్క ఎగ్జిబిషనే. వాడపల్లి ఆదివారానికి జరిగిపోయింది. దేవుడు ఆదివారం కూడా గుళ్ళోనే ఉంటాడు కదా అని తనకి తాను సర్ది చెప్పుకుంది.

"లోపల ఊరంత హాలు వదినా," అంది రేవతి. గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. "మెడలో బాపిరాజు ఎలక్ట్రానిక్స్, రాజోలు అని బ్యాడ్జీ వేసేరు. ఎక్కడికెళ్ళినా మేడమ్ మేడమ్ అని పిలిచేరు. మీ షాపు ఎక్కడండీ అని అడిగితే రాజోలు సెంటర్లోనండీ అని చెప్పేసేను. కూర్చోబెట్టి మరీ చూపించేరు. ఫోటో పటంలా గోడకి తగిలించే టీవీలు. రీలు లేని కెమెరాలు, తీసిన ఫోటో అప్పుడే వెనకాల కనిపిస్తోంది. అగ్గిపెట్టె కంటే చిన్న దాంట్లో వెయ్యి పాటలు."

చెబుతూ చెబుతూ ఆమె గొంతులోకి ప్రాణం వచ్చింది. అది తనకే తెలిసి సిగ్గుపడింది. అన్న ఆస్పత్రిలో ఉన్నాడు. అయినా ఆ హాలు తలుచుకోగానే ఒళ్ళు తేలిపోతోంది. కాళ్ళు నొప్పెట్టేదాకా తిరిగింది అక్కడ. పుష్పలత విసిగిపోయి మెట్ల మీద కూలబడితే, ఒక్కతే మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టి హాలంతా చుట్టింది. జీవితంలో మొదటిసారి తను చూడాలనుకున్నదే తన కళ్ళ ముందు ఉంది. ఆ సంతోషం అబద్ధమని ఇప్పుడు ఎంత అనుకుందామన్నా మనసు ఒప్పుకోవడం లేదు.

"ఇంకా?" అంది ఉమాదేవి.

"ఒక ఫోను చూసేను. ఇంకా మన దేశంలోకి రాలేదట. మాట్లాడుతుంటే అవతలి మనిషి మొహం అందులో కనిపిస్తుంది."

కోరుడు ఆగింది.

"మొహమా?"

"ఆయ్. అక్కడ ఒకడు హాలు ఈ చివర నిలబడ్డాడు, ఇంకొకడు ఆ చివర. వీడు నవ్వితే వాడి చేతిలో నవ్వుతున్నాడు."

ఉమాదేవి మొగుడి మొహం చూసి రెండేళ్ళు దాటింది. చేతికంటిన కొబ్బరి తురుము వేలితో తీసి గిన్నెలో వేసింది, ఒక్కో పలుకూ.

"అది చూసినప్పుడు నేను గుర్తొచ్చేనా?" అంది.

రేవతి అబద్ధమాడి ఉంటే బాగుండేది. వారం రోజులుగా ఆడిన అబద్ధాల్లో ఇదొకటి చేరిపోయేది. కానీ ఆ క్షణం నోటికి అబద్ధం రాలేదు.

"రాలేదు వదినా. అదెలా పనిచేస్తోందా అనే చూసేను."

ఉమాదేవి తల ఊపింది. కోరిన కొబ్బరంతా గిన్నెతో సహా పక్కకి నెట్టేసి, కోరాం గోడకి నిలబెట్టింది. ఏదో అనబోయింది. అప్పుడే హాల్లో ఫోను మోగింది.

రమణ రెండో గంట కొట్టనివ్వలేదు.

"ఆయ్... ఆయ్, నేనే బాబూ. చెప్పు... ఆయ్." మొదటి ఆయ్ వీధిలోకి వినిపించింది. చివరిది పక్కనున్న భూలక్ష్మికి కూడా వినిపించలేదు. ఆయన రెండో చెయ్యి స్టూలు అంచుని పట్టుకుని ఉంది.

"ప్రాణానికి భయం లేదట," అన్నాడు రిసీవరు చేత్తో మూసి. ఆ మాట ముందు చెప్పాడు. తర్వాతే రెండో మాట చెప్పాడు. "మోకాలి పైదాకా తీసేసేరట."

భూలక్ష్మి ఏడుపు ఇల్లంతా నిండింది. ఇరవై తొమ్మిదేళ్ళ కొడుకు. ఆరేళ్ళ కిందట ఈ వీధిలోంచే పరుగెత్తి బస్సెక్కిన కొడుకు.

ఉమాదేవి వచ్చి మావయ్య చేతిలోంచి రిసీవరు తీసుకుంది. ఏడవలేదు. వెంకటరాజు గట్టిగా మాట్లాడే మనిషి. అవతలి మాట గదంతా వినిపిస్తోంది.

"తమ్ముడూ, ఆయనకి తెలుసా?"

"ఇంకా మత్తులోనే ఉన్నారక్కా."

"ఎప్పుడు పంపుతారు?"

"గాయం మానగానే పంపేస్తారటక్కా. వీసా కూడా రద్దు చేసేస్తారు. ఇంక ఇక్కడ పనుండదు కదా."

"అంటే మళ్ళీ అక్కడికి రానక్కర్లేదు."

"మరెలా వస్తారక్కా," అన్నాడు వెంకటరాజు.

ఉమాదేవి రిసీవరు పెట్టేసింది. అత్తగారి పక్కన కూర్చుని ఓదార్చలేదు. మావయ్య వైపు చూడలేదు. వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆమె మొహంలో దుఃఖం కంటే భయం ఎక్కువ కనిపించింది రేవతికి. వెనకే వెళ్ళింది.

కొబ్బరి రాశి అవతల, బోరింగు గట్టు మీద కూర్చుని ఉంది ఉమాదేవి. మిట్టమధ్యాహ్నం. ఎండ నెత్తి మాడుస్తున్నా లేచి నీడలోకి వెళ్ళే ఆలోచన ఉన్నట్టు లేదు.

"నన్ను కొట్టు వదినా," అంది రేవతి. "ఏదో ఒకటి చెయ్యి. నా వల్లే అన్నయ్యకి ఇలా అయ్యింది. నీ దగ్గర ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు."

"ఆదివారం తిరిగేవు కదా."

"తిరిగేను."

"తిరిగేటప్పుడు మనసులో ఏమనుకున్నావు?"

"నువ్వు చెప్పమన్నదే. మా వదిన బదులు తిరుగుతున్నాను స్వామీ, మా వదిన కోరింది జరిపించు అని. ప్రతి ప్రదక్షిణానికీ అదే అనుకున్నాను. బస్సులో నిద్ర లేక కళ్ళు తిరిగిపోతున్నాయి, అయినా మాట తప్పలేదు."

"జరిగింది," అంది ఉమాదేవి.

రేవతికి అర్థం కాలేదు.

"నేను కోరింది జరిగింది రేవతీ. నువ్వు ఆదివారం తిరిగినా దేవుడు వినేసేడు." కొబ్బరి రాశి వైపు చూస్తూ అంది. "ఆయన క్షేమంగా ఉండాలని నేను మొక్కుకోలేదు. ఆయన వచ్చెయ్యాలని మొక్కుకున్నాను. వచ్చేక మళ్ళీ వెళ్ళకుండా చెయ్యి స్వామీ, ఇంక ఆ దేశం గడప తొక్కనివ్వకు అని. ఆ మాటే. ప్రతి శనివారం ఆ మాటే."

పక్కింట్లో ఎవరో బిందె దించిన చప్పుడయింది. ఉమాదేవి గొంతు తగ్గించింది.

"పెళ్ళయి ఆరేళ్ళు. ఆయనతో కలిసి ఉన్నది లెక్కేస్తే నిండా ఏడాది ఉండదు. రెండేళ్ళే ఉమా అని వెళ్ళేరు. మళ్ళీ రెండేళ్ళన్నారు. మొన్న ఫోన్లో మళ్ళీ సంతకం పెట్టేనన్నారు. అత్తయ్యకి మేడ కావాలి. మావయ్యకి ఇంకో తోట కావాలి. మా అమ్మకి గల్ఫు అల్లుడు కావాలి. నాకు మనిషి కావాలి రేవతీ. అది ఎవరితో చెప్పను? చెప్తే సిగ్గు లేదంటారు. అందుకని దేవుడితో చెప్పేను. ఎలా ఆపాలో చెప్పలేదు. అది స్వామి ఇష్టానికి వదిలేసేను."

రేవతికి పొద్దుటి నుంచి మోస్తున్న బరువు దిగిందని ఒక్క క్షణం అనిపించింది. మరుక్షణం అంత తేలికపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఎదురుగా వదిన కూర్చుని ఉంది. ఆ బరువంతా ఇప్పుడు ఆమె ఒళ్ళో ఉంది.

"దేవుడు అలా చెయ్యడు వదినా. అన్నయ్య కాలు జారి పడ్డాడు అంతే. నీ మొక్కూ కాదు, నా ఎగ్జిబిషనూ కాదు."

"పొద్దున్న నుంచి నువ్వది నమ్మేవా?"

రేవతి నమ్మలేదు మరి. కంప్యూటర్లు చదివిన పిల్లే, అయినా నమ్మలేదు.

ఆమె వదిన చెయ్యి పట్టుకుంది. ఉమాదేవి విడిపించుకోలేదు. ఎండలో ఇద్దరూ అలాగే కూర్చున్నారు. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో పడుకున్నప్పటి దగ్గరతనం కాసేపు తిరిగొచ్చింది. అదెంతోసేపు నిలవలేదు. వీధిలో ఆటో ఆగింది.

"ఏదీ, టీవీకెక్కిన మహారాణి ఏదీ?"

ఆ గొంతు సావిత్రిది. రమణ చెల్లెలు, ఉమాదేవి తల్లి. అల్లవరంలో ఆవిడ కూడా టీవీ చూసింది. ఆటోవాడిని ఉండమని చెప్పి లోపలికి వచ్చింది. అన్నగారు కాలు సంగతి చెప్పగానే నిలబడ్డ చోటే కూలబడి గుండెలు బాదుకుంది. ఆవిడ ఏడుపు నిజమైనదే. అల్లుడే కాదు, ఎత్తుకు పెంచిన మేనల్లుడు. ఏడుపు ఆగాక కళ్ళు తుడుచుకుని చుట్టూ చూసింది. పెరటి గుమ్మంలో నిలబడ్డ ఇద్దరు పిల్లల్లో ఆవిడ చూపు ఒకరి మీదే ఆగింది.

"నా అన్న కూతురివి. ఆడపడుచువి. నువ్వు తిరిగితే చాలన్నారే ఈ పెద్దవాళ్ళు. వెళ్ళి బొమ్మలు చూసొచ్చేవా?"

"రోజు మారింది గానీ వదినగారూ, తిరగడం తిరిగింది," అంది భూలక్ష్మి. కొడుకు కోసం ఏడుస్తూనే కూతుర్ని వెనకేసుకొచ్చింది. తల్లి కదా.

"శనివారం మొక్కుకి ఆదివారం లెక్క ఉంటుందా వదినగారూ? మీకు తెలియదా?"

భూలక్ష్మికి తెలుసు.

"సరే. అయ్యిందేదో అయ్యింది," అంది సావిత్రి. "మళ్ళీ మొదటి నుంచి మొదలెడదాం. ఈసారి ఎవరినీ నమ్మను, నేనే తిరుగుతాను. వచ్చే శనివారమే మొదలు. ఉమా, ఏమని మొక్కుకున్నావో ఉన్నదున్నట్టు చెప్పు. మాట తేడా రాకూడదు."



ఆవిడ ఏ దురుద్దేశంతోనూ అడగలేదు. మేలు చేద్దామనే అడిగింది. అందరూ ఉమాదేవి వైపు చూశారు, సానుభూతిగానే. ఉమాదేవి తల్లిని చూసింది, అత్తగారిని చూసింది. ఒక్కసారి రేవతిని చూసింది. రేవతి గుమ్మం పట్టుకుంది. వదిన చెప్పేస్తుందని అనుకుంది. చెప్పకూడదని కూడా అనుకుంది.

"ఏముంటుందమ్మా," అంది ఉమాదేవి మెల్లిగా. "ఆయన క్షేమంగా ఉండాలని. ఒళ్ళు చెదరకుండా ఇంటికి రావాలని."

"అంతేనా?"

"అంతే. వారం తప్పకపోతే వచ్చేవారేమో."

రేవతి చెవుల్లో ఆ మాట చాలాసేపు మోగింది. బోరింగు గట్టు మీద చెప్పిన మాటలు ఇంకా ఆరలేదు. వదిన చేతి తడి ఇంకా తన చేతికి ఉంది. ఆ మనిషే, ఆ నోటితోనే అంది.

రమణ కూతురి దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వేమైనా చెప్పాలా తల్లీ? చెప్పేది ఉంటే ఇప్పుడే చెప్పు. నేను వింటాను."

ఆ మాట రేవతి నోటి చివరే ఉంది. ఒక్కసారి పెదవి విప్పితే చాలు, ఈ చూపులన్నీ తన మీద నుంచి లేచిపోతాయి. ఎక్కడికి పోతాయో కూడా ఆమెకి తెలుసు. వదిన ఈ ఇంట్లో బతికినన్నాళ్ళూ మొగుడి కాలు పోయేలా మొక్కుకున్న మనిషిగా బతకాలి. కర్రలతో గడప దాటి వచ్చే అన్నయ్య ముందుగా ఆ మాటే వినాలి. రేవతికి జాలి వేసింది. దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. ఎందుకు నేనే పడాలి అనిపించింది. ఆ కోపంతోనే నోరు తెరిచింది.

"లేదు నాన్నగారూ," అంది.

ఆయన వెళ్ళి మళ్ళీ ఆ స్టూలు మీదే కూర్చున్నాడు.

"అయితే అన్నయ్యా, నా మాట విను," అంది సావిత్రి. "వాడొచ్చేనాటికి ఈ పిల్ల ఈ ఇంట్లో ఉండకూడదు. వాడు కాలు లేకుండా మంచం మీద ఉంటే, ఎదురుగా ఇది తిరుగుతుంటే ఎలా చూస్తాడు? అల్లవరం తీసుకెళ్ళిపోతాను. నా దగ్గరే ఉంటుంది. కాలేజీ వద్దు, ఆ కంప్యూటర్లూ వద్దు. ఆటో ఉండమన్నాను."

"ఇప్పుడేనా వదినగారూ?" అంది భూలక్ష్మి.

"రేపైతే ఈ వీధిలో ఒక్కొక్కరూ వచ్చి మొహం చూసిపోతారు. ఇప్పుడే నయం. ఏమే ఉమా, నువ్వు చెప్పు. దీన్ని చూస్తూ ఈ ఇంట్లో ఉండగలవా?"

కాలేజీ వద్దన్న మాట దగ్గరే ఆగిపోయింది రేవతి. ఆమెకి ఇంకో ఏడాది చదువుంది. అయినా భయపడలేదు. వదిన ఉంది కదా. ఒక్క మాట అంటే చాలు, అత్త ఆగిపోతుంది. వదిన ఆ ఒక్క మాటా అంటుంది.

"నీ ఇష్టమమ్మా," అంది ఉమాదేవి.

తర్వాత లోపలికి వెళ్ళింది. బీరువా పైనున్న చేతిసంచి దించి, దులిపి, మంచం మీద పెట్టింది. భూలక్ష్మి ఏడుస్తూ కూతురి బట్టలు తెచ్చి కుప్పగా పోసింది. వాటిని మడతపెట్టింది మాత్రం ఉమాదేవే. ఎప్పుడూ పెట్టినట్టే చక్కగా, చున్నీలు చుడీదార్ల మధ్యలో నలగకుండా పెట్టి, ఒక్కొక్కటీ సంచిలో సర్దింది. రేవతి గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడింది. సర్దడం పూర్తయ్యేదాకా ఉమాదేవి ఒక్కసారి కూడా తలెత్తలేదు.